నాగా పడని మనిషి

బడి వార్షికోత్సవంలో బహుమతులు పంచడానికి ఒక వరస ఉంటుంది. పదో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్ల పేరు పిలవగానే షామియానా అదిరేలా చప్పట్లు. తర్వాత వ్యాసరచన, వక్తృత్వం, కబడ్డీ కప్పు. వీటికి చప్పట్లు కాస్త పలచబడతాయి. అన్నీ అయ్యాక, ముఖ్య అతిథి వాచీ చూసుకునే వేళకి, "ఏడాదంతా ఒక్క రోజు కూడా నాగా లేకుండా బడికి వచ్చిన విద్యార్థి" అంటూ ఒక పేరు చదువుతారు. వాడు స్టేజీ ఎక్కేలోపు సగం జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. వాడి చేతికి వచ్చేది ఏ స్టీలు గ్లాసో, జామెట్రీ బాక్సో. అది పట్టుకుని ఇంటికెళితే కన్నతండ్రే నవ్వుతాడు: "వెళ్లడం కూడా ఒక గొప్పేనట్రా?"

ఆయన ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. తెలివి కనబడుతుంది. వేగం కనబడుతుంది. మంచి గొంతు ఉంటే వినబడుతుంది. రావడంలో కనబడేదేముంది? వచ్చాడు, కూచున్నాడు, గంట కొట్టాక వెళ్లాడు. అందులో ప్రతిభ ఏది? ఉద్యోగమంతా హాజరు పట్టీలు నింపి రిటైరైన నాకు ఈ ప్రశ్న మీద ప్రత్యేకమైన మమకారం ఉంది. దానికి జవాబు లాంటిది ఒకటి దొరికింది. దొరికిన చోటు మాత్రం నేను ఊహించనిది. ఆస్ట్రేలియాలో, నాకు తలా తోకా తెలియని ఒక ఆటలో.

మా అమ్మాయి వాళ్లు మెల్‌బోర్న్‌లో పడమటి శివార్లలో ఉంటారు. సాయంత్రం నడకకి వెళితే పార్కు బెంచీల మీద నాలాంటి తాతలూ అమ్మమ్మలూ గోదావరి యాసలో, కరీంనగర్ యాసలో కబుర్లాడుకుంటూ ఉంటారు. మనవడికి అక్కడి బడి పిల్లలందరికీ ఉన్నట్టే ఫుటీ పిచ్చి. ఆస్కిక్ అని చిన్నపిల్లలకు ఆ ఆట నేర్పే శిక్షణ ఉంటుంది, దానికి వెళతాడు. మొదటిసారి ఆ బంతి చూసి "రగ్బీయా?" అన్నాను. వాడు నా అజ్ఞానానికి జాలిపడి, "కాదు తాతా, ఇది ఫుటీ. రగ్బీ వేరే" అని నన్ను ఎదురుగా కూచోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

పాఠం సారాంశం ఇది. జట్టుకి 18 మంది. మైదానం క్రికెట్ మైదానంలా కోలగా ఉంటుంది, ఎందుకంటే చాలా చోట్ల అది క్రికెట్ మైదానమే. రెండు కొసల్లోనూ నాలుగేసి గుంజలు. మధ్య రెండు గుంజల నడుమ నుంచి తన్నితే గోలు, 6 పాయింట్లు. పక్కనున్న గుంజల మధ్య నుంచి పోతే 1 పాయింటు, అంటే గురి తప్పినా ఎంతోకొంత ముడుతుంది. బంతిని చేత్తో విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. తగినంత దూరం తన్నిన బంతిని ఎవరైనా నేల తాకకుండా పట్టుకుంటే అది 'మార్కు'. పట్టినవాడు తాపీగా నిలబడి తన్నుకోవచ్చు, ఎవరూ మీద పడకూడదు. అతనికి ఎదురుగా నిర్ణీత స్థలంలో అవతలి జట్టువాడు ఒకడు నిలబడవచ్చు. ఫ్రీ కిక్ వచ్చినా అంతే. ఆ సమయంలో ఇంకెవరైనా వాళ్లిద్దరి మధ్య నుంచి పరిగెత్తితే తప్పు. ఈ చివరి నిబంధన గుర్తు పెట్టుకోమని పాఠకులకు మనవి. కథంతా దాని మీదే నడిచింది.

డాక్‌లాండ్స్ దగ్గర యారా నది ఒడ్డున నడిచేవాళ్లకీ సైకిళ్లవాళ్లకీ ఒక వంతెన ఉంది. పెద్ద రోడ్డు వంతెన కింది నుంచి, నీళ్ల పక్కగా వంపు తిరుగుతూ పోతుంది. దాని పేరు జిమ్ స్టైన్స్ బ్రిడ్జి. ఎవరాయన, ఏ గవర్నరో అనుకుని అల్లుణ్ణి అడిగాను. "ఫుట్‌బాల్ ఆటగాడు మామయ్యగారూ. వరసగా 244 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్కటీ మిస్సవకుండా" అన్నాడు. గోళ్లు (అదే, గోల్స్) ఎన్ని వేశాడు, కప్పులు ఎన్ని గెలిచాడు అని చెప్పకుండా, నాగా పడలేదని చెప్పి ఒక మనిషిని పరిచయం చెయ్యడం నా చెవికి కొత్త. ఆ తర్వాత నేను అతని గురించి దొరికినదల్లా చదివాను.

జిమ్ స్టైన్స్ ఆస్ట్రేలియా వాడు కాదు. 1966లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టాడు. అక్కడి వాళ్ల ఆట గేలిక్ ఫుట్‌బాల్. అందులో బంతి గుండ్రంగా ఉంటుంది. ఎంత గొప్ప ఆటగాడైనా డబ్బు ముట్టడు. వారమంతా తన పని తాను చూసుకుని ఆదివారం ఊరి కోసం ఆడతాడు. 1984లో డబ్లిన్ కుర్రాళ్ల జట్టు ఐర్లండ్ మొత్తం మీద విజేతగా నిలిచినప్పుడు స్టైన్స్ అందులో ఉన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మెల్‌బోర్న్ ఫుటీ క్లబ్‌కు ఒక వింత ఆలోచన వచ్చింది. రాన్ బరాసీ అప్పుడు దాని కోచ్. ఆస్ట్రేలియా ఫుటీలో దేవుడంతటి పేరున్నవాడు. జట్టు ఏళ్ల తరబడి అడుగున పడి ఉంది. స్వదేశంలో ఆటగాళ్లు దొరకనప్పుడు, ఇలాంటి ఆటే ఆడే ఐర్లండ్ నుంచి పొడవాటి కుర్రాళ్లను తెచ్చి నేర్పితే ఏం పోయింది అనుకున్నారు. డబ్లిన్ పత్రికలో ప్రకటన వేశారు. చదువు చెప్పిస్తాం, ఆట నేర్పిస్తాం, రండి అని. స్టైన్స్ దరఖాస్తు పెట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో విమానం ఎక్కి భూగోళం అవతలి వైపు దిగాడు.

గుండ్రటి బంతి ఎక్కడ పడితే ఎటు లేస్తుందో చిన్నప్పటి నుంచీ కాలికి తెలుసు. ఫుటీ బంతి పనసపిందెలా ఉంటుంది. నేల మీద పడ్డాక ఎటు దూకుతుందో దానికే తెలియదు. తన్నడం, పట్టడం, ఒంటి మీద పడే మనుషుల్ని కాచుకోవడం, అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మొదట్లో అతను పెద్ద జట్టుకు పనికిరాలేదు. ప్రాన్ అనే చిన్న క్లబ్‌కి పంపి, అక్కడ ఆడి నేర్చుకు రమ్మన్నారు. అలా వచ్చిన వాళ్లలో చాలామంది మళ్లీ ఇంటికి విమానం ఎక్కినవాళ్లే. స్టైన్స్ ఉండిపోయాడు. 1987లో మెల్‌బోర్న్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఎత్తు 199 సెంటీమీటర్లు.

ఆ 1987 సంవత్సరమే అతన్ని ఊరందరికీ ఎరుకపరిచింది. ఏ కుర్రాడూ కోరుకోని పద్ధతిలో.

మెల్‌బోర్న్ క్లబ్ ఆ ఆటలోకెల్లా పాతది, 1858 నాటిది. 1964లో కప్పు గెలిచాక మళ్లీ ఫైనల్స్ దశకు కూడా చేరలేదు. 23 ఏళ్ల తర్వాత ఆ ఏడాది చేరింది. జట్టు నాయకుడు రాబర్ట్ ఫ్లవర్. బక్కపలచని మనిషి, అందమైన ఆట. 1973 నుంచి ఓడిపోయే జట్టులో ఉంటూనే అందరి అభిమానం పొందినవాడు. అదే తన చివరి ఏడాది అని ప్రకటించాడు. దాంతో మెల్‌బోర్న్ వాళ్లే కాదు, ఊళ్లో చాలామంది ఒక్కసారి ఆయన కప్పు తేల్చే గ్రాండ్ ఫైనల్ ఆడితే చూడాలనుకున్నారు. దానికి ముందు మెట్టు హాథార్న్ జట్టుతో మ్యాచ్. వేవర్లీ పార్కులో చివరి క్షణాలకి మెల్‌బోర్న్ 4 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకి ఫ్రీ కిక్ దొరికింది. గోలు చాలా దూరం. ఆ తన్ను తన్నడమొక్కటే మిగిలింది. ఆట ముగిసిన సైరన్ కూడా మోగిపోయింది. జనం హోరులో ఎవరికి ఏం వినపడిందో! సరిగ్గా అప్పుడు ఇరవై ఒక్కేళ్ల స్టైన్స్, బకెనారాకీ అతని ఎదుట నిలబడ్డ తన జట్టువాడికీ మధ్య నుంచి పరిగెత్తాడు.

అంపైరు ఈల వేశాడు. అప్పటి నిబంధన ప్రకారం బకెనారా 15 మీటర్లు ముందుకి జరిగాడు. అసాధ్యంగా ఉన్న దూరం అందుబాటులోకి వచ్చింది. తన్నాడు. గోలు. 6 పాయింట్లు. రెండే రెండు పాయింట్ల తేడాతో మెల్‌బోర్న్ ఓడిపోయింది. ఫ్లవర్ ఆట అక్కడితో ముగిసింది. 272 మ్యాచ్‌లు ఆడి గ్రాండ్ ఫైనల్ మొహం చూడకుండా ఇంటికెళ్లాడు. డ్రెస్సింగ్ రూములో కోచ్ జాన్ నార్తీ ఈ పొడవాటి కుర్రాడి మొహంలో మొహం పెట్టి వేలెత్తి చీవాట్లు వేస్తున్న దృశ్యం ఈనాటికీ ఆస్ట్రేలియా టీవీల్లో వస్తూనే ఉంటుంది.

మనకి ఇలాంటి కథ ఎలా సాగాలో తెలుసు. సినిమాలు నేర్పాయి. తప్పు చేసినవాడు అదే మైదానంలో, అదే హాథార్న్ మీద, అదే చివరి క్షణంలో గోలు వేసి ఋణం తీర్చుకోవాలి. జీవితం అలా రాయలేదు. మరుసటి ఏడాది, 1988లో, మెల్‌బోర్న్ నిజంగానే గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లింది. ఎదురుగా హాథార్నే. స్టైన్స్ మైదానంలో ఉన్నాడు. 96 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడిపోయారు. అతను ఆట మానేసేదాకా మళ్లీ గ్రాండ్ ఫైనల్ రాలేదు. కప్పు చేతికి అందనే లేదు.

మరి ఋణం తీరిందెలా? తీరిందని నేననను. కానీ అతను చేసిందేమిటో లెక్క ఉంది. వచ్చే వారం వచ్చాడు. ఆ పై వారం వచ్చాడు. 1987 నుంచి 1998 దాకా ఒక్క మ్యాచ్ తప్పకుండా వరసగా 244 మ్యాచ్‌లు ఆడాడు. అంతకుముందు రిచ్‌మండ్ ఆటగాడు జాక్ టైటస్ 1930లు, 40లలో వరసగా 202 ఆడిన రికార్డు ఉండేది, దాన్ని దాటాడు. స్టైన్స్ లెక్కని 2025 దాకా ఎవరూ దాటలేదు. ఈ ఆటలో మనుషులు మనుషుల మీద నుంచి లంఘిస్తారు. మోకాళ్లు, పక్కటెముకలు, వేళ్లు విరగని వారం ఉండదు. అందులోనూ అతనిది రక్‌మన్ స్థానం. అంపైరు బంతిని నేలకేసి కొట్టి లేపగానే ఇద్దరు పొడగరులు గాల్లో ఢీకొనేవారు, వాళ్లలో ఒకడు అతను. అప్పటిదాకా రక్‌మన్ అంటే ఎగిరి, ఢీకొని, ఆయాసపడుతూ మెల్లగా నడిచే భారీ మనిషి. స్టైన్స్ మాత్రం ఎగిరి, దిగి, బంతి వెంట మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తేవాడు. గేలిక్ ఆటలో అలవాటైన కాళ్లు ఆ పరుగు ఆపలేదు. చివరికి 1998లో చెయ్యి విరిగితే గానీ ఆ వరస తెగలేదు.

ఆ 244 మ్యాచ్‌ల లెక్క మొదలైంది 1987లోనే గనక, 15 మీటర్లు సమర్పించుకున్న ఆ మ్యాచ్ కూడా అందులోదే. రికార్డు నుంచి దాన్ని తీసేస్తే రికార్డు తగ్గిపోతుంది. ఇది నాకు ఎంతగానో నచ్చిన లెక్క. మనం సాధారణంగా జీవితాన్ని రెండు పద్దులుగా రాసుకుంటాం, మంచి రోజులు ఒక పక్క, తలదించుకున్న రోజులు ఇంకో పక్క. హాజరు పట్టీలో అలాంటి రెండు పద్దులు లేవు. వచ్చావా లేదా అన్నదే అడుగుతుంది. ఏడ్చిన రోజూ ఒక గీతే, ఎగిరిన రోజూ ఒక గీతే.

1991లో అతనికి బ్రౌన్‌లో మెడల్ వచ్చింది. ఆ ఆటలో ఒక్క మనిషికి దక్కే అతి పెద్ద గౌరవం, 1924 నుంచి ఇస్తున్నారు. విదేశం నుంచి తెచ్చుకున్న ఆటగాడికి దక్కడం అదొక్కసారే. దాన్ని నిర్ణయించే పద్ధతి విచిత్రం. పత్రికలవాళ్లు, పెద్దలు, అభిమానులు ఎవరికీ ఓటు లేదు. ప్రతి మ్యాచ్ అయ్యాక అంపైర్లే కూచుని ముగ్గురు ఆటగాళ్లకి 3, 2, 1 చొప్పున ఓట్లు రాస్తారు. సంవత్సరం చివర కూడతారు. సస్పెండైనవాడు అనర్హుడు, ఎందుకంటే అది నేర్పుతో పాటు నీతిగా ఆడినవాడికి ఇచ్చే మెడల్. ఆ ఏడాది స్టైన్స్‌కి 25 ఓట్లు. నాలుగేళ్ల కిందట ఈల వేసి అతన్ని లోకం ముందు దోషిగా నిలబెట్టిన అంపైర్ల తెగే ఇప్పుడు ఓటేసింది. ఒక్క మ్యాచ్ చూసి కాదు, వారం వారం చూసి. తీర్పు ఇచ్చేవాళ్ల మనసు మార్చడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి మార్గం లేదు. వాళ్ల కళ్లెదుట పదే పదే ఉండడం.

ఇక్కడితో ఆపితే ఇది నీతి కథ అవుతుంది, నేను దాన్ని ప్రార్థన సమావేశంలో చదివేసి దిగిపోవచ్చు. కానీ హాజరు గురించి ఏళ్ల తరబడి ఆలోచించిన మనిషిగా దానికి అవతలి వైపు కూడా చెప్పాలి.

నాగా పడకపోవడం అన్నిసార్లూ గుణం కాదు. ఒళ్లు కాలిపోతున్నా బడికొచ్చే పిల్లలుంటారు. పరీక్షలు కావు, పాఠం కాదు, మధ్యాహ్న భోజనం కోసం. సెలవులంటే మొహం మాడ్చుకునే పిల్లలుంటారు, ఇంట్లో తాగి వచ్చే తండ్రి ఉంటాడు గనక. పట్టీలో అందరి గీతలూ ఒక్కలాగే ఉంటాయి. లోపల ఒకరిది ఇష్టం, ఒకరిది ఆకలి, ఒకరిది భయం. ఆటలోనూ అంతే. గాయం మీద సూది మందు పొడిపించుకుని ఆడడాన్ని ఆ తరం మగతనంగా చెప్పుకుంది. ఇప్పుడు ఆ ఆటలో తలకి దెబ్బ తగిలి స్పృహలో తేడా వస్తే కనీసం 12 రోజులు మైదానంలో అడుగు పెట్టకూడదు. అంటే సాధారణంగా ఒక మ్యాచైనా పోతుంది. ఈ నిబంధనతో స్టైన్స్‌లా వరసగా ఆడడం ఇంకా కష్టం. కష్టమవడమే మంచిది. పిల్లల తలలకన్నా రికార్డులు పెద్దవి కావు.

కాబట్టి ఎన్నిసార్లు వచ్చాడన్నది సగం లెక్కే. వచ్చి ఏం చేశాడన్నది మిగతా సగం. స్టైన్స్ విషయంలో ఆ మిగతా సగం మైదానం బయట ఉంది.

ఇంకా ఆడుతూ ఉండగానే, 1994లో, పాల్ కరీ అనే సినిమా మనిషితో కలిసి 'రీచ్' అనే సంస్థ పెట్టాడు. టీనేజీ పిల్లల కోసం. ఉపన్యాసాలు ఇవ్వడానికి పెట్టింది కాదు. పిల్లల్ని గుండ్రంగా కూచోబెట్టి, వాళ్ల భయాలూ సిగ్గులూ వాళ్ల నోటితో చెప్పుకునేలా చేసే శిబిరాలు. నడిపేవాళ్లు కూడా ఎక్కువగా కుర్రవాళ్లే. బళ్ల నుంచి, పేటల నుంచి ఎన్నో వేల మంది అందులోకి వచ్చి వెళ్లారు. అక్కడ మెడల్ గెలిచిన వీరుడు వచ్చి కష్టపడితే పైకొస్తారు అని చెబితే ఏ పదిహేనేళ్ల పిల్లాడైనా ఆవలిస్తాడు, నేను చూసిన పిల్లలైతే కిటికీ లోంచి బయటికి చూస్తారు. కానీ ఎదురుగా కూచున్న ఈ మనిషి, రాష్ట్రమంతా చూస్తుండగా తప్పు చేసి, దాన్ని ఏళ్ల తరబడి టీవీలో మళ్లీ మళ్లీ చూపిస్తుంటే తలెత్తుకుని తిరుగుతున్నవాడు. క్లాసులో నోరు జారినందుకే చచ్చిపోవాలనిపించే వయసు పిల్లలకి అతన్ని మించిన అర్హత ఎవరికుంటుంది? మేం టీచర్లం మా ర్యాంకులు చూపించి పిల్లలతో మాట్లాడాలని చూస్తాం. వాళ్లకి కావలసింది మా సప్లిమెంటరీ పరీక్షల కథలు.

2008లో మెల్‌బోర్న్ క్లబ్ అప్పుల్లో మునిగింది. సుమారు 50 లక్షల డాలర్లు. ఆ ఏడే క్లబ్‌కు 150 ఏళ్లు. అంతకు పన్నెండేళ్ల కిందట, 1996లో, ఇదే క్లబ్ ఇదే హాథార్న్‌లో విలీనం కాబోయింది. మెల్‌బోర్న్ సభ్యులు సరేనని ఓటేశారు. హాథార్న్ సభ్యులు ససేమిరా అన్నారు కాబట్టి పేరు దక్కింది. ఇప్పుడు మళ్లీ ఆ గండం. స్టైన్స్ అధ్యక్షుడయ్యాడు. అభిమానుల దగ్గర జోలె పట్టాడు, విందులు పెట్టి చందాలు దండాడు. రెండేళ్లలో అప్పు తీరింది.

ఆ రెండేళ్లలోనే, 2009 జూలైలో, విలేకరుల్ని పిలిచి తనకి క్యాన్సరని చెప్పాడు. మెలనోమా, అప్పటికే పాకింది. తర్వాత మెదడుకి చేరింది. మళ్లీ మళ్లీ ఆపరేషన్లు. తల మీద కుట్లతో, టోపీ పెట్టుకుని మ్యాచ్‌లకు వచ్చేవాడు. అతనికి నాగా పెట్టడం తెలియదని అక్కడివాళ్లు అనుకున్నారు. నేను అలా చదవను. మైదానానికి 244 సార్లు వచ్చినవాడికి వచ్చే శక్తి ఉంది, వచ్చాడు. జబ్బు మనిషి ఒక పూట రావడానికి రెండు రోజులు పడుకోవాలి. హాజరు విలువ ప్రతి రోజూ ఒకటి కాదని అతని చివరి మూడేళ్లు నాకు చూపించాయి.

ఒక మచ్చ కూడా ఉంది, దాటేస్తే బాగుండదు. ఆ లీగులో అడుగున నిలిచిన జట్టుకి మరుసటి ఏడాదికి కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు ఉంటుంది. బలహీనులకి ఆసరా అని పెట్టిన పద్ధతి. అయితే ఓడినవాడికి బహుమతి పెడితే, గెలవాలన్న పట్టు సడలదా? 2009లో మెల్‌బోర్న్ అలా పట్టు సడలించిందన్న ఆరోపణ వచ్చింది. చాలాకాలం దర్యాప్తు జరిగి, 2013లో తీర్పు వెలువడింది. కావాలని ఓడిపోయేందుకు క్లబ్ పథకం వేసిందని తేలలేదు. అయినా నాటి కోచ్ మీదా, ఒక అధికారి మీదా వేటు పడింది, క్లబ్‌కు 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2009లో అధ్యక్షుడు స్టైన్స్. తీర్పు నాటికి అతను లేడు. అతన్ని ఎవరూ దోషి అనలేదు. కానీ ఒక్క వారం కూడా మానని మనిషి పెద్దగా ఉన్న ఇంట్లోనే, ఒంటితో వచ్చి మనసుతో రాకపోవడం అనే ప్రశ్న తలెత్తింది. ఏ క్లాసు చివరి బెంచీలోనైనా ఆ ప్రశ్న ఉంటుంది. పిలిస్తే పలుకుతారు. పాఠంలో ఉండరు. 2011లో జీలాంగ్ చేతిలో ఆ జట్టు ఏకంగా 186 పాయింట్ల తేడాతో ఓడింది. 18 మంది హాజరే. హాజరు ఒక్కటే ఏమీ చెయ్యలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

2012 ఫిబ్రవరిలో పదవి వదిలాడు. మార్చి 20న పోయాడు. 45 ఏళ్లు. ప్రభుత్వ లాంఛనాలతో సెయింట్ పాల్స్ చర్చిలో అంత్యక్రియలు జరిపారు. లోపల చోటు చాలని జనం ఎదురుగా ఉన్న ఫెడరేషన్ స్క్వేర్‌లో తెర మీద చూశారు. పత్రికలో ప్రకటన చూసి వచ్చిన విదేశీ కుర్రాడికి ఒక నగరం అలా సెలవిచ్చింది. మా అమ్మాయి లాంటి వాళ్లు వేలమంది వీసా కాగితాలతో దిగే ఊరు అది. ఆ ఊరు ఎవరిని ఎప్పుడు తనవాడనుకుంటుందో లెక్క తేలడం కష్టం. ఆ లెక్కలో మెడల్ కన్నా ఏళ్ల తరబడి కనబడుతూ ఉండడానికే బరువెక్కువ అని మాత్రం అనిపించింది.

మెల్‌బోర్న్ మళ్లీ కప్పు గెలిచింది 2021లో, 57 ఏళ్ల తర్వాత. కరోనా వల్ల ఆ గ్రాండ్ ఫైనల్‌ని వేల కిలోమీటర్ల దూరాన పెర్త్‌లో పెట్టారు. సొంత ఊళ్లో లాక్‌డౌన్. తరాల తరబడి ఓడిపోయే జట్టు కోసం చలిలో, వానలో స్టేడియానికి హాజరైన అభిమానులు, గెలిచిన ఒక్క రోజు ఇళ్లలో బందీలై టీవీ చూశారు. వచ్చినవాడికే ఫలం అని ఎవరైనా చెబితే ఈ సంగతి చెప్పండి.

ఇంత చదివాక నా ప్రశ్న కాస్త పక్కకి జరిగింది. వరసగా 244 మ్యాచ్‌లు ఆడాడు అంటాం. ఎవరంతట వారు వచ్చి ఆడే ఆట కాదది. ప్రతి వారం జట్టు ఎంపిక జరుగుతుంది. ప్రతి వారం కోచ్ పేర్లు రాయాలి. అందులో ఈ పేరు ఉండాలి. అంటే 244 సార్లు అతను వచ్చాడనడంతో పాటు, 244 సార్లు అతన్ని రానిచ్చారు అని కూడా అనాలి. "ప్రెజెంట్ సార్" అని పలకాలంటే ముందు ఎవరో పేరు పిలవాలి. రికార్డు పుస్తకంలో పలికినవాడి లెక్కే ఉంటుంది. పిలిచినవాడి లెక్క ఉండదు.

జాన్ నార్తీని తలచుకుంటే అందుకే నాకు గౌరవం. 23 ఏళ్ల ఎదురుచూపు ఒక్క అడుగుతో బూడిదైన సాయంత్రం, కోచ్‌గా ఆయన చెయ్యగలిగిన సులువైన పనులు చాలా ఉన్నాయి. ఐర్లండ్ ప్రయోగం విఫలమైంది అని విమానం టికెట్టు చేతిలో పెట్టొచ్చు. జనం కూడా తప్పు పట్టరు. ఆయన వేలెత్తి చీవాట్లు వేశాడు. 1988 సీజను మొదలైనప్పుడు జట్టు పేర్లు రాస్తూ స్టైన్స్ పేరూ రాశాడు. మొదటి పని ఈనాటికీ టీవీలో చూపిస్తారు. రెండోదానికి ఫోటో కూడా లేదు. మాస్టారన్నవాడు రెండూ చెయ్యాలి. మొదటిది చేసి ఆగిపోయే మాస్టార్లకి మన దగ్గర ఎప్పుడూ కొరత లేదు.